కుందూలోయ నీటిపద్దు



మన సహకార సంఘమునందు ప్రతి రూపాయికిని పద్దు గలదు. ఎవరెంత వాటాధనము చెల్లించిరో, ఎవరికెంత అప్పిచ్చితిమో, ఎంత వసూలైనదో, ప్రొద్దు గ్రుంకువేళకు పెట్టెలో ఎంత నిలువ యున్నదో కార్యదర్శి వ్రాసి యుంచును. పద్దు తప్పిన సంఘము నిలువదని మనకందఱకును తెలియును. అయితే సంఘము అప్పిచ్చునది దేనిని నమ్మి? పైరును నమ్మి. పైరు నమ్మి యున్నది దేనిని? నీటిని. ఆ నీటికి మాత్రము మన యూళ్లలో ఏ పుస్తకమునందును పద్దు లేదు. ఈ వ్యాసమున నేను చెప్పదలచినదంతయు ఈ యొక్క లోపమును గూర్చియే.

నేను వ్యవసాయ ప్రదర్శకుడనై నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములయందు తిరుగ నారంభించి పదునెనిమిది సంవత్సరములు కావచ్చినది. ఈ కాలములో కుందూ పొంగి బాటలను తెంచుటయు చూచితిని, ఆ యేటి ఇసుకలో చెలమలు త్రవ్వుకొనుటయు చూచితిని. 2019 సెప్టెంబరులో నల్లమలపై కురిసిన కుంభవృష్టికి మహానంది దేవాలయ ప్రాంగణమే నీట మునిగినది. కుందూగట్లకు దాపునున్న పైరులు బురద పాలైనవి. అట్టి వరదలెఱిగిన యూళ్లలోనే మఱియొక వేసవిని ట్యాంకరు వెనుక బిందెలు వరుస తీరి యుండుటయు కన్నులార చూచితిని. వరదయు కఱవును ఒకే యింట పుట్టిన అన్నదమ్ములవలె మన లోయలో కాపురముండుటకు కారణమేమి? దానికి మనము చేయదగినదేమి?

మన లోయ, మన వాన

పడమట ఎఱ్ఱమలలు, తూర్పున నల్లమలలు, నడుమ కుందూనది. ఎఱ్ఱమలలలో ఓర్వకల్లు ప్రాంతమున పుట్టి, దక్షిణముగా నంద్యాల, కోయిలకుంట్ల సీమలమీదుగా ప్రవహించి, కడప జిల్లాలో కమలాపురము దాపున ఇది పెన్నలో కలియును. గాలేరు, మద్దిలేరు, జుఱ్ఱేరు, ఆళ్లగడ్డ ప్రక్కగా పోవు వక్కిలేరు దీని ఉపనదులు. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన నంద్యాల జిల్లాలో అధికభాగము ఈ నీటిపట్టులోనిదే.

నైఋతిపవనములు మనలను చేరులోపలనే పడమటి కనుమలపై తమ భారమును చాలవఱకు దింపుకొనును. ఈశాన్యపవనములు తూర్పుతీరమును తడిపి మిగిలినది మనకు తెచ్చును. ఇట్లు ఉభయుల యెంగిలి మనది. అయినను అది చిన్న మొత్తము కాదు. సగటున ఏటికి సుమారు 700 మిల్లీమీటర్లు, అనగా 28 అంగుళముల వాన మనకు గలదు. 250 మిల్లీమీటర్లకు లోబడిన వర్షము గల భూమిని శాస్త్రజ్ఞులు ఎడారి యందురు. రాజస్థానమునందలి జైసల్మేరునకు 200 మిల్లీమీటర్లయిన నిండుగా రావు. కావున మనది ఎడారి కాదు. మన చిక్కు వేఱు.

ఆ చిక్కు రెండు విధములు. మొదటిది, సంవత్సరములో వాన కురియు దినములు నలువది, ఏబదికి మించవు. అందును నాలుగైదు పెద్దవానలలోనే సగము వచ్చి పడిన యేండ్లు గలవు. రెండవది, మే నెలలో 45 డిగ్రీలు దాటు మన యెండ ఒక సంవత్సరములో పీల్చుకొనగల నీరు, కురియు నీటికి రెండింతలకు మించును. ఆదాయము నాలుగు దినములలో వచ్చి, ఖర్చు మున్నూటయఱువది దినములును సాగు కాపురమున నిలువ పెట్టెయే దిక్కు గదా!

నిలువ లేని కాపురము గతి యేమగునో మన పెద్దలు చూచిరి. 1876-78 నాటి మహాక్షామమున కర్నూలు జిల్లా పడిన బాధ దక్షిణదేశములో మఱి యే జిల్లాయు పడలేదని అప్పటి వ్రాతలు చెప్పుచున్నవి. 1871 జనాభా లెక్కలో 9,14,432 మంది యున్న జిల్లాలో 1881 నాటికి 6,78,551 మంది మాత్రమే యుండిరి. నలుగురిలో ఒకరు లేకపోయిరి. అంతకు ముందు 1866 కఱవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు ఆకలిగొన్నవారికి అన్నము పెట్టి పొందిన కీర్తి నేటికిని మన పల్లెలలో పాటగా నిలిచి యున్నది. అట్టి దాతలకు నమస్కారము. అయితే దాత ఒక కఱవును దాటించును. కఱవులను దాటించు పని నిలువ పెట్టెది.

ఒక టి.ఎం.సి. మన యింటనే

కాలువనీటిని గూర్చి మాటలాడునప్పుడు మనమందఱము టి.ఎం.సి.లలో మాటలాడుదుము. ఒక టి.ఎం.సి. యనగా నూఱుకోట్ల ఘనపుటడుగుల నీరు. దానికై రాష్ట్రములు రాష్ట్రములతో వాదులాడుచున్నవి. ఇప్పుడొక చిన్న లెక్క చేయుదము. ఒక యెకరముపై ఒక యంగుళము వాన పడినచో లక్ష లీటర్లకు పైగా నీరగును. 28 అంగుళములకు ఎకరమునకు 28 లక్షల లీటర్లకు పైమాటయే. ఇట్టి యెకరములు పదివేలు కలిపినచో ఆ మొత్తము ఇంచుమించు ఒక టి.ఎం.సి. యగును!

పదివేల యెకరము లనగా ఎంత? రెండు మూడు గ్రామముల పొలిమేర. సగటు వర్షమైన సంవత్సరమున ఆ రెండు మూడు గ్రామములపై ఒక టి.ఎం.సి. నీరు ఎవరి తీర్పును అడుగక, ఏ తూమును తెఱువక, ఉచితముగా వచ్చి పడుచున్నది. అందులో కొంత ఆవిరి యగును, కొంత నేలలో ఇంకును, కొంత వంకల వెంట కుందూలోనికిని, పెన్నలోనికిని, సముద్రములోనికిని పోవును. ఎంత ఇంకినది, ఎంత పోయినది యని అడిగినచో మనలో చెప్పగలవారు లేరు. రూపాయి విషయములో ఇట్టి యజాగ్రత్తను మనము ఒక దినమైనను సహింపము.

మొదటి చెఱువు మన రేగడి

నీరు నిలువ చేయుట యనగానే మనకు కట్ట, తూము, మరవ జ్ఞప్తికి వచ్చును. కాని మన లోయలో అన్నిటికంటె పెద్ద చెఱువు కంటికి కనబడదు. అది మన నల్లరేగడి. మీటరు లోతు రేగడి, పైరు త్రాగగల నీటిని 150 మొదలు 200 మిల్లీమీటర్ల వఱకు తన యందు దాచుకొనగలదు. అనగా ఎకరమునకు 6 నుండి 8 లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరులతో తోలినచో 120 నుండి 160 ట్యాంకరులు. కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, సంజామల ప్రాంతముల రైతులు చిత్త, స్వాతి కార్తెలలో శనగ విత్తి, ఆపైన చినుకు పడకపోయినను, మంచుతోను పదునుతోను పంట తీయుట ఈ దాపుడు ధనము మహిమయే.

జైసల్మేరు మాట పైన చెప్పితిని. అచ్చటి రైతులు కొన్ని శతాబ్దములుగా 'ఖడీన్' అను పద్ధతిని నడుపుచున్నారు. రాతిమెట్టలనుండి దిగు వాననీటిని పల్లమున ఒక మట్టికట్టతో ఆపుదురు. ఆ నీరు నేలలో ఇంకిన తరువాత ఆ పదునులోనే గోధుమయు శనగయు విత్తి, మఱల తడి పెట్టకయే కోయుదురు. మనలో మూడవవంతు వాన లేనివారు నేలనే చెఱువు చేసికొనిరి. మనకు నేల సహజముగానే చెఱువై యుండ, దాని మూత తెఱచుటయే మన పని.

ఆ మూత యెట్టిదో వినుడు. వేసవిలో రేగడి నెఱ్ఱెలు విచ్చి నోరు తెఱచి యుండును. తొలకరి నీరు ఆ నెఱ్ఱెలలో పడి లోతునకు దిగును. తరువాత నేల ఉబ్బి నెఱ్ఱెలు మూసికొనును. అటుపిమ్మట రేగడిలో నీరు ఇంకుట మిక్కిలి మందము. పుబ్బ, ఉత్తర కార్తెలలో కురియు పెద్దవాన నిలిచి ఇంకుటకు వ్యవధి లేక, మట్టిని కూడ వెంటబెట్టుకొని వంక పాలగును. ఆళ్లగడ్డ దాపున ఒక వృద్ధరైతు నాతో ఒకమారు ఇట్లనెను: "అయ్యా, ఈ నేలకు కడుపు పెద్దది, గొంతు చిన్నది. తొందరపడి పోస్తే కక్కుతుంది, నిలబెట్టి పోస్తే తాగుతుంది." పుస్తకములలో నేను చదివినది ఇంతకంటె స్పష్టముగా లేదు.

నిలబెట్టి పోయుట కుపాయములు కష్టమైనవి కావు. వేసవిదుక్కి వాలునకు అడ్డముగా సాగవలెను. ముంగారు వానలకు ముందే పొలమును చిన్న చిన్న గట్లతో మడులుగా విభజించినచో ఏ మడి నీరు ఆ మడిలోనే ఇంకును. వాన వెలసి నేల ఆఱినప్పుడెల్ల గుంటక తోలినచో పైమట్టి పొడియై లోపలి పదును ఎగిరిపోకుండును. పల్లపు మూలను పంటకుంట త్రవ్వవలెను. రేగడిలో కుంటకు అడుగున పఱపు అక్కఱలేదు, ఎఱ్ఱనేలలో ఐనచో అక్కఱ పడును. ఒక హెచ్చరిక: గట్టు వేయుట యెంత ముఖ్యమో, మిగులునీటికి గడ్డి మొలిపించిన దారి యిచ్చుటయు అంత ముఖ్యము. దారి లేని గట్టు మొదటి పెద్దవానకే తెగి, క్రిందివాని పొలమునకు గండి యగును. అందుచేత గట్టుపని ఒక్కరుగా చేయునది కాదు. వాలు ఒక్కటియైన రైతులందఱు కలిసి పైనుండి క్రిందికి చేయదగినది. ఇది పుట్టుకచేతనే సహకార కార్యము.

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము 1906లో స్థాపింపబడినది. అల్పవర్ష మండలమునకు ఇదియే కేంద్రము. సూర్యనంది మొదలగు కొఱ్ఱ రకములును, యంత్రముతో కోయుటకు అనువగు ఎన్.బి.ఇ.జి. 47 మొదలగు శనగ రకములును ఇచ్చటనుండియే వెలువడినవి. తక్కువ దినములలో పండు పైరు, నేలలోని నిలువ తఱుగకముందే చేతికి వచ్చును. విత్తనము నెన్నుకొనుట యనగా నీటి ఖర్చును నిర్ణయించుటయే యని గ్రహింపవలెను.

పెద్దలు కట్టిన చెఱువులు

నేల త్రాగగా మిగిలిన నీటికి రెండవ పెట్టె చెఱువు. నల్లమలకు ఆవలి ప్రక్క, కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసన మొకటి గలదు. విజయనగర రాజకుమారుడగు భాస్కరుడు చెఱువు కట్టించి వేయించినది. చెఱువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆఱు దోషములను అందు చెప్పియున్నారు. ఆ దోషములలో కట్టనుండి నీరు కారుట యొకటి, చవుడునేల యొకటి. స్వల్పజలము, విస్తారమైన ఆయకట్టు అనునది మఱియొకటి. నీరు కొంచెము, నమ్ముకొన్న భూమి మిక్కుటము అను స్థితి దోషమని ఆఱువందల యేబది యేండ్ల క్రిందటనే మనవారు ఱాతిపై చెక్కిరి. ఈ మాటను జ్ఞప్తియం దుంచుకొనుడు, కాలువ సంగతి వచ్చినప్పుడు మఱల అవసరమగును.

ఆ కాలమున చెఱువు కట్టినవారికిని, మరమ్మతు చేయువారికిని దశబంధ మాన్యములుండెడివి. తూము తెఱచి మడిమడికి నీరు పంచుటకు నీరుగంటి యుండెడివాడు. ఇనాములు రద్దయినవి, నీరుగంటి కనబడకపోయెను, చెఱువులో పూడు పెరిగెను. పాతకాలమంతయు మంచిదని నేననను. నీరుగంటి తూము తెఱచినను, ఎవరి మడి ముందు తడియునో ఊరి పెద్దఱికము నిర్ణయించిన దినములును గలవు. కాని పంచుటకు ఒక మనిషియు, బాగుచేయుటకు ఒక నిధియు ఉండవలెనను నియమము మంచిది. ఆ రెండును నేడు సంఘమే సమకూర్పదగును.

కాలువ యొక్క సత్యము

ఇక కె.సి. కాలువ. సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరి సుమారు 300 కిలోమీటర్లు సాగి కడప చేరు ఈ కర్నూలు కడప కాలువను ఒక ఆంగ్లేయ కంపెనీ 1863 మొదలు 1870 వఱకు త్రవ్వించెను. పడవలును నడచునని, పైరులును పండునని వారి యాశ. రేగడిలో జొన్న, ప్రత్తి పండించుకొను మన పూర్వులు ఆ నీటిని డబ్బిచ్చి కొనుటకు ముందుకు రాలేదు. కఱవు వచ్చినప్పుడు మాత్రము అందఱును కాలువవైపు పఱుగెత్తిరి. కంపెనీ నష్టపడి, తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనెను.

నేడు దాని యాయకట్టు సుమారు 2,65,000 ఎకరములు. 1976 నాటి బచావత్ తీర్పు ప్రకారము దాని వంతు 39.9 టి.ఎం.సి.లు. భాగించి చూచినచో ఎకరమునకు మూడున్నర అడుగుల లోతు నీరు. అదియు తలకాలువ వద్ద. మూడు వందల కిలోమీటర్ల ప్రయాణములో ఆవిరియై, ఇంకి, గండ్లలో పోయినది పోగా పొలము చేరునది మఱింత తక్కువ. వరి కోరునది సుమారు నాలుగు అడుగులు. ఆఱుతడి పైరులు కోరునది అందులో సగము, అంతకును తక్కువ. ఇప్పుడు పోరుమామిళ్ల శాసనమును తలచుకొనుడు. ఎగువ రైతు ప్రతి మడిలోను వరి పెట్టినచో చివరి రైతునకు కాలువలో తుమ్మమొలకలే మిగులును. ఇది ఎవరి దుర్మార్గమును కాదు. కూడిక తీసివేతలు తెలిసిన పసివాడు చెప్పగల ఫలితము.

ఎగువవానికి లాభమా యన్నచో, అదియు పూర్తిగా కాదు. రేగడిలో ఏడాది పొడవున నీరు నిలిచినచో మురుగు పట్టి, ఉప్పు పైకి వచ్చి, నేల చవుడెక్కును. క్రిందివాని నోటి నీరు పైవాని నేలను చెఱచుచున్న పొలములను నేను మీలో పలువురకు చూపియున్నాను.

దూరపు నీటిని నమ్ముటలో మఱియొక యపాయము గలదు. 1953 ప్రాంతమున 133 టి.ఎం.సి.లు పట్టిన తుంగభద్ర జలాశయము పూడుచేత నేడు సుమారు 105 మాత్రమే పట్టుచున్నది. 2024 ఆగష్టు 10వ తేదీ రాత్రి ఆ ఆనకట్టలో ఒక గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోగా, తాత్కాలికముగా మూయువఱకు దినముల తరబడి నీరు దిగువకు పోయెను. శ్రీశైలమునుండి పోతిరెడ్డిపాడు, బానకచర్ల మీదుగా కృష్ణనీరు మన లోయకు వచ్చుట గొప్ప మేలే. తెలుగుగంగకు వెలుగోడున, శ్రీశైలము కుడికాలువకు గోరకల్లున, అవుకున జలాశయములు వెలసినవి. కాని అవి యన్నియు ఎగువ రాష్ట్రములలో వాన కురిసి, ఎగువ జలాశయములు నిండిన పిదప మనకు దక్కునవి. చెక్కు వచ్చునని నమ్మి చేతిలోని రొక్కమును పాఱవేసికొనుట తెలివి కాదు.

నీటి తగవులకు మందు లేదా? యూరపులో స్పెయినుదేశమున వలెన్సియా నగరమునందు కాలువరైతులు తమలో తాము ఎన్నుకొన్న పెద్దలు ప్రతి గురువారము మధ్యాహ్నము పెద్దగుడి వాకిట కూర్చుండి నీటి తగవులు విచారింతురు. వకీళ్లుండరు, కాగితములుండవు, తీర్పు అప్పుడే. కొన్ని శతాబ్దములనుండి నడచుచున్న ఈ సభను 2009లో యునెస్కో మానవజాతి వారసత్వములలో చేర్చెను. మనకును 1997 నాటి చట్టముచేత నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. చట్టము మనకు కుర్చీ వేసినది. కూర్చుండి న్యాయము పలుకవలసినవారము మనమే.

నా సంతకము

మూడవ పెట్టె భూగర్భజలము. నల్లమల ఱాతి పగుళ్లలో ఇంకిన వాన కొండపాదమున ఊటయై వెలువడుట మహానంది కోనేటిలో అందఱము చూచుచున్నాము. కాని లోయ నడుమ అట్లు కాదు. మన రేగడి క్రింది ఱాళ్లకు శాస్త్రజ్ఞులు నంద్యాల షేలు, కోయిలకుంట్ల సున్నపురాయి యని మన యూళ్ల పేర్లే పెట్టిరి. షేలులో నీరు కొంచెము, తఱచుగా ఉప్పన. సున్నపుఱాతి పగులు దొరికినచో ధార, దొరకనిచో దుమ్ము.

ఈ విషయమున నా తప్పొకటి చెప్పుకొనక తప్పదు. ఉద్యోగమున చేరిన క్రొత్తలో, ఐదెకరముల రైతొకనికి బోరు వేసికొమ్మని నేనే సలహా చెప్పితిని. ప్రక్క పొలమున నీరు పడినది గదా యని తలచితిని. ఆతని అప్పు దరఖాస్తు క్రింద నా సిఫారసు సంతకము గలదు. రెండేండ్లు నీరు బాగుగా వచ్చెను. అది చూచి చుట్టుప్రక్కల పదునొకండు బోర్లు లేచినవి. మూడవయేట ఆతని బోరు ఎండెను. లోతు చేయించెను, నీరు లేదు. మఱియొక చోట వేయించెను, దుమ్ము వచ్చెను. ఎద్దుల నమ్మి వడ్డీ కట్టెను. ఆతని పెద్దకుమారుడు ఇప్పుడు పట్టణమున లారీ నడుపుచున్నాడు. నేను ఆ యూరికి పోయినప్పుడెల్ల ఆ యింట నాకు మజ్జిగ యిత్తురు, ఒక్క మాటయు అనరు. అన్నచో నా మనస్సు కొంత తేలికపడెడిది.

నా సలహాలో తప్పెక్కడ? నీరు లేదనుట కాదు, ఉండినది. ఎంత యున్నదో, ఏటికెంత చేరునో, ఎందఱు తోడుకొందురో నేను లెక్క చూడలేదు. పద్దు లేని పెట్టెనుండి అప్పిప్పించితిని. సంఘములో ఏ కార్యదర్శి యిట్లు చేసినను మనము ఆతనిని తీసివేసి యుందుము.

పద్దు వ్రాయు విధము

మహారాష్ట్రమున అహ్మద్‌నగరు జిల్లాలో, నేడు అహల్యానగరు జిల్లాలో, హివరే బజార్ అను పల్లె గలదు. మనకంటె తక్కువ వాన. 1990 ప్రాంతమునుండి పోపటరావు పవారుగారి నాయకత్వమున ఆ యూరివారు కొండవాలున గట్లు వేసి, అడవి పెంచి, సేద్యమునకు బోర్లు నిషేధించుకొనిరి. ప్రతి సంవత్సరము వానను, బావుల మట్టమును కొలిచి, గ్రామసభలో లెక్క చదివి, ఆ యేడు ఏ పైరు ఎంత వేయవలెనో నిశ్చయింతురు. నీరు చాలనియేట రెండవ పైరు వేయరు. ఊరు విడిచిపోయినవారిలో అనేకులు తిరిగి వచ్చిరి. ఇది ఇంద్రజాలము కాదు, పద్దు.

నేను చిన్ననాట మిషను పాఠశాలలో చదువునప్పుడు ఐగుప్తుదేశమున యోసేపు కథ చెప్పెడివారు. ఏడు సమృద్ధి సంవత్సరములు, ఏడు క్షామ సంవత్సరములు. కలకు అర్థము చెప్పుటయే ఆతని గొప్పతనమని అప్పుడు తలచితిని. పండిన యేండ్లలోనే అయిదవపాలు తీసి నిలువ చేయించుట ఆతని అసలు గొప్పతనమని ఇప్పుడు తోచుచున్నది. కఱవు వచ్చునని మనకు చెప్పుటకు కల అక్కఱలేదు.

ప్రతి యూరిలో ఈ పద్దును ఇట్లు మొదలు పెట్టవచ్చును. ఒక వర్షమాపకమును బడి ఆవరణములో నాటి, పై తరగతి పిల్లలచేత ప్రతి యుదయము కొలిపించి వ్రాయించుడు. ఊరిలో అయిదు బావులను గాని, బోర్లను గాని ఎంచి, వైశాఖమున ఒకమారు, కార్తికమున ఒకమారు నీటిమట్టమును కొలువుడు. చెఱువు కట్టకు అడుగుల గుఱుతులు వేసి నిలువ చూడుడు. కాలువ యెన్ని దినములు పాఱినదో వ్రాయుడు. ఇది జమ.

ఖర్చులో మొదటి వరుస త్రాగునీటిది. మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున, రెండువేల జనముగల ఊరికి సంవత్సరమునకు నాలుగుకోట్ల లీటర్లు చాలును. ఇది సుమారు ఎనిమిది ఎకరముల వరి త్రాగు నీరు మాత్రమే! ఎనిమిది ఎకరముల నీటిని ముందుగా ప్రక్కకు తీసి కాపాడుకొనలేక వేసవిలో ట్యాంకరు కొఱకు ఎదురుచూచుట మనకు తలవంపు. రెండవ వరుస పశువులది. మూడవది పండ్లతోటలది. మిగిలినది పైరులకు. దసరాకు ముందు ఒక దినమున గ్రామమంతయు కూడి జమను, ఖర్చును చదివి, హింగారు పైరు నిర్ణయింపవలెను. వరి కెన్ని యెకరములు, ఆఱుతడి కెన్ని, శనగ, జొన్న, కొఱ్ఱ కెన్ని యని ఆ సభలోనే తేల్చవలెను.

మన సంఘము చేయవలసినది ఒక్కటే. క్రొత్తబోరునకు అప్పు కోరు దరఖాస్తుతో పాటు ఆ యూరి నీటిపద్దు నకలు కోరవలెను. 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము బోరునకు అనుమతి తీసికొనుమనుచున్నది. మన నియమము దానికి ప్రాణము పోయును. పద్దులో నిలువ లేనిచోట అప్పు నిరాకరించుట క్రూరత్వము కాదు, సభ్యుని ఎద్దులను కాపాడుట. బోరు కిచ్చు ధనమునే గట్లకును, పంటకుంటకును, తుంపరసేద్యపు గొట్టములకును తక్కువ వడ్డీకి ఇత్తము గాక.

ఈ మాటలకు అభ్యంతరములు గలవు. "మేము వరి మానుకొన్నచో ప్రక్కయూరివారు మానుదురా?" యని యడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఆళ్లగడ్డ చివరి రైతు ఒక్కడే పద్దు వ్రాసినచో ఉపయోగము స్వల్పము. నంద్యాల ఎగువ రైతు కూడ వ్రాసి, ఇరువురును ఒక బల్లవద్ద కూర్చున్నప్పుడే అది పూర్తి యగును. కాని సహకార సంఘములును ఇట్లే పుట్టినవి. 1904లో మొదటి సహకార చట్టము వచ్చినప్పుడు, ఒకరి అప్పునకు ఇంకొకరు పూచీపడుట జరుగునా యని నవ్వినవారుండిరి. ఒక యూరు మొదలు పెట్టినది, రెండవ యూరు చూచినది. నేలలో నిలువ చేసిన నీటిని ఏ ప్రక్కయూరివాడును తీసికొనిపోలేడు గనుక, ఆ పని రేపే మొదలు పెట్టుటకు ఎవరి యంగీకారమును అక్కఱలేదు.

వచ్చు సర్వసభ్య సమావేశమునకు నీటిపద్దు పుస్తక మొకటి గీతలు గీయించి నేను తెత్తును. మొదటి పుటలో వ్రాయుటకు మీ యూరి లెక్కను మీరు తెండు. ఆ పుస్తకమునందు తొలి సంతకము, సభ్యుల యనుమతి యైనచో, నాకు మజ్జిగ యిచ్చు ఆ రైతుచేత చేయింపవలెనని నా కోరిక.